గ్లోబు కేసు

మా తుమ్మలగుంటపాలెం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సైన్సు మాస్టారి పోస్టు ఆరేళ్లుగా ఖాళీ. లెక్కల మాస్టారు ఆరు నెలలు సర్వేల మీద, మిగతా ఆరు నెలలు ఆ సర్వేల్లో దొర్లిన తప్పులు దిద్దే పని మీద ఉంటారు. ఇంగ్లీషు టీచరుగారిని పక్క మండలానికి డెప్యుటేషన్ మీద తీసుకుపోయినవాళ్లు తిరిగి పంపడం మరిచిపోయారు. అలాంటి మా బడికి ఆ జూలైలో ఒక నల్లపెట్టె వచ్చింది. తెరిచి చూస్తే నల్లపొడి ఒక సీసా, తెల్లపొడి ఒక సీసా, మెత్తటి కుంచెలు రెండు, భూతద్దం, రబ్బరు తొడుగులు, ఇంకు ప్యాడు, 'నేరస్థలం, దాటరాదు' అని రాసిన పసుపు రిబ్బను చుట్ట ఉన్నాయి. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగనూనె అని పెద్దలు ఊరికే అనలేదు.

పెట్టె వెంట ఉత్తర్వు కూడా వచ్చింది. 'విద్యార్థులలో సాక్ష్యాధారిత చింతనను పెంపొందించి, తద్వారా వారిని సత్యాన్వేషక పౌరులుగా తీర్చిదిద్దు నిమిత్తము, ఎనిమిది మొదలు పది తరగతుల వారికి ఫోరెన్సిక్ సైన్సును బోధించుటకై సాక్ష్య వికాసం అను కార్యక్రమమును యుద్ధప్రాతిపదికన అమలుపరచవలెను' అని అందులో ఉంది. నిజం చెప్పాలంటే ఆలోచన చెడ్డదేం కాదు. రుజువు లేనిదే దేన్నీ నమ్మొద్దని పిల్లలకి చెప్పడం మంచిదే. ఆ మాట చెప్పిన శాఖ దాన్ని ఎప్పుడూ తన మీద ప్రయోగించుకోలేదు, అంతే.

మా ప్రధానోపాధ్యాయులు పానకాలరావుగారు ఉత్తర్వును మూడుసార్లు చదివి నన్ను పిలిపించారు. ఆయనకి రిటైర్మెంటు ఇంకా రెండేళ్లు. ఒక్క మెమో కూడా అందుకోకుండా ఇంటికి చేరాలన్నది ఆయన జీవితాశయం. నేను తెలుగు పండితుణ్ణి. ఈ పని నాకెందుకు అప్పగిస్తున్నారో ఆయన ఓపిగ్గా వివరించారు. తెలుగులో ఎవరూ ఫెయిల్ కారు కాబట్టి నాకు తీరిక ఎక్కువ. కేసు నివేదికలు తెలుగులోనే రాయాలి కాబట్టి నా అవసరమూ ఎక్కువ. పైగా నాకు కళ్లజోడు ఉంది. ఆ విధంగా నేను ఫోరెన్సిక్ నోడల్ ఉపాధ్యాయుణ్ణి అయ్యాను.

జిల్లా కేంద్రంలో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. మొదటి రోజు కార్యక్రమం ఎందుకు ముఖ్యమో చెప్పారు. రెండో రోజు మొదటి రోజు చెప్పింది మాకు అర్థమైందో లేదో పరీక్ష పెట్టారు. మూడో రోజు భోజనాల దాకా వేలిముద్రలు తీయడం నేర్పారు. బొటనవేలిని ప్యాడు మీద అద్ది, కాగితం మీద ఎడమ నుంచి కుడికి ఒక్కసారే దొర్లించాలి. ఆ ఒక్క విద్యా నాకు బాగా పట్టుబడింది. చివర్లో సందేహాలడగమంటే నేను లేచి, పిల్లలకి పరిశోధించడానికి నేరాలు ఎక్కణ్ణుంచి తేవాలని అడిగాను. వేదిక మీదున్న జిల్లా సమన్వయాధికారి గరుడాచలంగారు చిరునవ్వు నవ్వి, "స్థానిక వనరులను వినియోగించుకోండి" అన్నారు.

దీనికో యాప్ ఉంది. ప్రతి బడీ నెలకి కనీసం ఒక కేసు ఛేదించి అందులో నమోదు చెయ్యాలి. ఎర్రచుక్క ఉన్న గడులన్నీ నింపితేనే అది ముందుకు కదులుతుంది. నేరం ఏమిటి, స్థలం ఎక్కడ, లభించిన ఆధారం ఏమిటి, నిందితుని పేరేమిటి, ఇలా సాగుతాయి గడులు. నేరం జరగలేదని చెప్పుకోవడానికి అందులో గడి లేదు. ఆ అవసరం వస్తుందని తయారుచేసినవాళ్లు ఊహించలేదు.

జూలైలో మా బడిలో ఎవరూ ఏమీ దొంగిలించలేదు. ఆగస్టు మొదటివారంలో మెమో వచ్చింది. 'మీ పాఠశాలలో గత మాసమునకు గాను ఎట్టి నేరమూ నమోదు కాలేదు. ఇది కార్యక్రమము పట్ల మీ నిర్లక్ష్య వైఖరిని సూచించుచున్నది. నేరము జరగకపోవుటకు గల కారణములను మూడు దినములలోగా సమర్పించవలెను.' పానకాలరావుగారు మెమోని వెలుతురుకి ఎత్తి, వెనకా ముందూ తిప్పి చూశారు. ముప్ఫైనాలుగేళ్ల సర్వీసులో ఇదే మొదటిది మరి. సంజాయిషీ రాయమంటే, మా పిల్లలు మంచివాళ్లు కావడం వల్ల అని రాశాను. ఆయన అది కొట్టేసి, అలా రాస్తే వచ్చే నెలా ఇదే సాకు చెబుతామనుకుంటారని, 'అధిక వర్షాల కారణంగా' అని మార్చారు. దాన్ని పైవాళ్లు ఆమోదించారు కూడా.

ఆ వారమే టెలికాన్ఫరెన్స్ జరిగింది. పక్క ఊరి బడి మూడు నేరాలు సాధించి మండలంలో మొదటి స్థానంలో ఉందట. చెప్పుల దొంగతనం ఒకటి, అవే చెప్పులు మళ్లీ పోవడం ఇంకొకటి, పెన్ను ఒకటి. ఆ బడి ప్రధానోపాధ్యాయుడి చేత అనుభవాలు చెప్పించి చప్పట్లు కొట్టించారు. పానకాలరావుగారు ఫోను పెట్టేసి, మనకీ ఒక నేరం కావాలి పంతులుగారూ అన్నారు.

మొదటి నేరం నేనే చేశాను. ఆఫీసు గదిలోని సుద్దముక్కల పెట్టె తీసి నా సంచీలో పెట్టుకున్నాను. తొమ్మిదో తరగతి పిల్లలు బల్ల చుట్టూ పసుపు రిబ్బను కట్టారు. రిబ్బను దాటకూడదు కాబట్టి, మిగతా సుద్దముక్కలూ లోపలే ఉన్నాయి కాబట్టి, రెండు రోజులు ఏ తరగతిలోనూ బోర్డు మీద ఒక్క అక్షరం పడలేదు. పరిశోధన బృందానికి నాయకురాలు రిజ్వానా. ఆ పిల్ల చూసింది చూసినట్టు రాస్తుంది, రాసింది కొట్టెయ్యదు. ఇలాంటి పిల్లల్ని చూస్తే ఏ ఉపాధ్యాయుడికైనా ముచ్చటేస్తుంది, కాస్త భయమూ వేస్తుంది. రిజ్వానా నేరుగా వెళ్లి బడి ఆయా దానమ్మని అడిగింది. పెట్టె పంతులుగారు సంచీలో వేసుకుంటుంటే చూశానని దానమ్మ చెప్పింది. రెండు నిమిషాల్లో కేసు తేలిపోయింది.

తేలితే లాభం లేదు. చూసినవాళ్ల మాటకి యాప్‌లో గడి లేదు. ఆధారమంటే పొడి చల్లితే పడేదే. అందుకని పిల్లలు పొడి చల్లి, బల్ల మీద నా వేలిముద్రలు పట్టి, భూతద్దంలో చూసి, నేనే దొంగనని శాస్త్రీయంగా నిరూపించి కేరింతలు కొట్టారు. నాకూ సంతోషమేసింది. నిందితుని పేరు గడిలో నా పేరు నేనే నింపాను.

పదిహేను రోజులకి నాకు ఒకే కవరులో రెండు ఉత్తరాలొచ్చాయి. మొదటిది, నోడల్ ఉపాధ్యాయుడిగా తొలి కేసు ఛేదించినందుకు శ్రీయుత పండితులవారికి అభినందన. రెండోది, ప్రభుత్వ ఆస్తి అయిన సుద్దముక్కలను అపహరించిన సదరు పండితునిపై ప్రవర్తనా నియమావళి ప్రకారం చర్య ఎందుకు తీసుకోకూడదో తెలపమని. ప్రధానోపాధ్యాయులు చెబితేనే దొంగతనం చేశానని జవాబు రాశాను. 'ఉన్నతాధికారి ఆదేశముపై దొంగతనము చేసినట్లు స్వయముగా అంగీకరించినందున విచారణ కొనసాగించబడును' అని తిరుగుటపాలో వచ్చింది. ఆ ఫైలు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని క్లాసులో వందసార్లు చెప్పి ఉంటాను. నాకు నేను ఒక్కసారీ చెప్పుకోలేదు.

ఆ దెబ్బతో పానకాలరావుగారు స్టాఫ్ మీటింగు పెట్టారు. సర్వీసు రిజిస్టరు ఉన్నవాళ్లెవరూ ఇక మీదట నిందితులు కాకూడదని తీర్మానించాం. పిల్లల పేర్లు పెడితే తల్లిదండ్రులు ఊరి ప్రెసిడెంటుని వెంటేసుకుని వస్తారు కాబట్టి వాళ్లూ కుదరదు. మరి రిజిస్టరు లేనివాళ్లు, అడగడానికి వెనక ఎవరూ లేనివాళ్లు బడిలో ఎవరున్నారని ఆలోచించాం. ఎవరూ పేరు చెప్పలేదు. అందరం కిటికీలోంచి బయటికి చూశాం. బయట దానమ్మ వరండా కడుగుతోంది.

దానమ్మ మా బడికి వచ్చి పంతొమ్మిదేళ్లయింది. ఈనాటికీ తాత్కాలికమే. పొద్దున్నే వచ్చి గదులు ఊడ్చి, బల్లలు తుడిచి, మరుగుదొడ్లు యాసిడ్ పోసి కడిగి, మధ్యాహ్నం పిల్లల కంచాలు సర్ది, సాయంత్రం తలుపులకి తాళాలు వేసి వెళ్తుంది. ఆడపిల్లలకి ఏ అవసరం వచ్చినా టీచర్ల దగ్గరకి వెళ్లరు, దానమ్మ దగ్గరకి వెళ్తారు. తల్లి ఉన్న పిల్లలు కూడా బడిలో ఆవిణ్ణే తల్లి అనుకుంటారు.

రెండో నేరానికి గ్లోబుని ఎంచుకున్నాం. పానకాలరావుగారు ఈసారి పని ఎవరికీ అప్పగించలేదు. పెట్టెలోని రబ్బరు తొడుగులు చేతులకి వేసుకుని, ఆఫీసులో ఉన్న గ్లోబుని తీసుకెళ్లి, సైన్సు గదిలో బీరువా వెనక దాచి, తలుపు దగ్గరగా వేసి వచ్చారు. ఆయన్ని అంత చురుగ్గా నేనెప్పుడూ చూడలేదు.

పిల్లలు ఒక పూటలో గ్లోబుని పట్టుకున్నారు. దాని మీద పొడి చల్లితే వేళ్ల గుర్తులు బోలెడు పడ్డాయి గానీ, వాటిలో గీతలు లేవు. నున్నటి మచ్చలు, అంతే. రిజ్వానా వాటిని చాలాసేపు చూసి, తలుపు గొళ్లెం మీద పొడి చల్లింది. అక్కడా అవే మచ్చలు. బల్ల మీద, బోర్డు అంచున, మంచినీళ్ల కుళాయి మీద, కిటికీ చువ్వల మీద కూడా అవే. ఆ పిల్ల ఇంకు ప్యాడు పట్టుకుని బడిలో ఉన్న వాళ్లందరి ముద్రలూ తీసుకుంది, సుద్దముక్కల కేసులో నావి దొరికే ఉన్నాయని నేనొక్కణ్ణే తప్పించుకున్నాను. గ్లోబు తీసినప్పుడు చేతులకి తొడుగులున్నాయన్న ధీమాతో పానకాలరావుగారు కూడా దర్జాగా వేలిచ్చారు. దానమ్మ వేలు అద్దితే కాగితం మీద నున్నటి నల్లచుక్క పడింది. ఒకటికి పదిసార్లు అద్దినా అంతే.

"ఏళ్లేం ఉండయ్యమ్మా, యాసిడ్ తినంగా మిగిలినయ్యి" అంది దానమ్మ, చేతులు కొంగుకి తుడుచుకుంటూ.

ఈ సంగతి మా అందరికీ తెలిసిందే. ఆఫీసులో హాజరు కోసం పెట్టిన వేలిముద్రల యంత్రం దానమ్మని ఏనాడూ గుర్తుపట్టలేదు. పద్నాలుగు నెలలుగా ఆవిడ రోజూ వేలు పెడుతుంది, అది రోజూ మళ్లీ ప్రయత్నించమంటుంది. నెలాఖరున పానకాలరావుగారు, యంత్రం ఒప్పుకోకపోయినా మనిషి వచ్చిందని కాగితం రాసి పంపుతారు. అది ఆయన మంచితనమే, కాదనను.

రిజ్వానా నివేదిక రాసి తెచ్చింది. గ్లోబు మీద ఉన్నవి దానమ్మగారి గుర్తులని, రోజూ తుడిచేది ఆవిడే కాబట్టి అవి ఉండటం సహజమని, గ్లోబుని తీసింది ఎవరో ఈ ఆధారాలతో చెప్పలేమని అందులో ఉంది. పంతొమ్మిదేళ్ల నా పాఠాల్లో అంత తప్పుల్లేని వాక్యాలు ఎవరూ రాయలేదు. కానీ యాప్‌లో ఆధారానికి గడి ఉంది, నిందితునికి గడి ఉంది, కాబట్టి అన్నమాటకి గడి లేదు. చెప్పలేము అని రాస్తే ఎర్రచుక్క వెలుగుతోంది. ఆ రోజు నెలాఖరు, నమోదుకి అదే ఆఖరి రోజు.

పానకాలరావుగారు దానమ్మని పిలిచి, ఇదంతా పిల్లల పాఠం కోసమని, నాటకంలో వేషం లాంటిదని, నీకేం కాదని నచ్చజెప్పారు. నేను పక్కనే నిలబడి తల ఊపాను.

"నా పేరేగా సారూ, రాసుకోండి" అంది దానమ్మ. "ఇన్నేళ్లకి దేంట్లోనన్నా రాత్తన్నారు."

పేరు నింపగానే గడులన్నీ పచ్చగా మారాయి. కేసు ఛేదించబడింది, అభినందనలు అని వచ్చింది. రిజ్వానాకి ఈ సంగతి నేను చెప్పలేదు.

వారం తిరక్కముందే గరుడాచలంగారు కారులో దిగారు. ఇంత ఉత్సాహంగా ఉన్న అధికారి మా బడికి రావడం అదే మొదలు. రాష్ట్రం మొత్తం మీద తొమ్మిది వేల కేసులు నమోదైతే, వేలిముద్రలు లేని నిందితురాలు మా దగ్గర మాత్రమే దొరికిందట. వృత్తి నేరస్థులే పట్టుబడకుండా వేళ్లు చెరిపేసుకుంటారని ఆయన శిక్షణలో విన్నారట. పానకాలరావుగారు మెల్లిగా, అది యాసిడ్ వల్ల అండీ అన్నారు. "చూశారా, యాసిడ్ వాడింది" అని గరుడాచలంగారు డైరీలో రాసుకున్నారు.

ఆ పూటే ఆఫీసు గదిలో విచారణ జరిగింది. గరుడాచలంగారు కుర్చీలో కూర్చున్నారు, మేం గోడ వెంట నిలబడ్డాం. దానమ్మ గుమ్మం అవతల నిలబడింది. లోపలికి రమ్మంటే, ఇప్పుడే కడిగాను, తడి ఆరలేదు అంది. నేరం నిరూపణ అయిన వ్యక్తి పిల్లలున్న ఆవరణలో ఉండరాదని బాలల భద్రతా మార్గదర్శకాల్లో ఉందని, ఈమెని వెంటనే తొలగించాలని ఆయన ప్రకటించారు. అది నేర్పడానికి పెట్టిన కేసండీ అని పానకాలరావుగారు అన్నారు. యాప్‌లో నేర్పడానికి పెట్టిన కేసులకీ, అసలు కేసులకీ తేడా లేదని గరుడాచలంగారు జవాబిచ్చారు. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమనే రకం.

పరిశోధన బృందాన్ని పిలవమన్నారు. రిజ్వానా ఒక పెద్ద చార్టు చుట్టుకుని వచ్చింది. దానమ్మ పేరు నిందితురాలిగా ఎక్కిందని అప్పుడే తెలిసింది ఆ పిల్లకి. నా వైపు ఒకసారి చూసింది. నేను కళ్లజోడు తుడుచుకున్నాను.

చార్టు గోడకి పెట్టి ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. బడిలో నూట పన్నెండు వస్తువుల మీద పొడి చల్లారట. నూట పన్నెండింటి మీదా దానమ్మగారి గుర్తులున్నాయట. సైన్సు గదిలో పరీక్షనాళికల మీద, సూక్ష్మదర్శిని మీద ఆవిడవి తప్ప మరెవరివీ లేవట. లైబ్రరీ బీరువా తాళం మీదా అంతే. ప్రధానోపాధ్యాయుల ముద్రలు ఆయన కుర్చీ చేతుల మీద, కాలింగ్ బెల్లు మీద మాత్రమే దొరికాయట. తెలుగు పండితుడివి సుద్దముక్కల బల్ల మీద తప్ప ఎక్కడా లేవట.

"దొంగైతే తీసుకెళ్లే వస్తువు మీదే చెయ్యి పడుద్ది సార్" అంది చివరికి. "ఆయమ్మ చెయ్యి అన్నిటి మీదా ఉంది. ఈ బడంతా తుడిచేది ఒక్క మనిషేనని తప్ప దీనివల్ల ఇంకేం తేలదు."

తొమ్మిదో తరగతి పిల్ల ఫోరెన్సిక్ సైన్సు అంటే ఏమిటో మా అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. కార్యక్రమం అక్కడితో ఆపేసి ఉంటే అంతకన్నా ఘనవిజయం ఉండేది కాదు. గరుడాచలంగారు చార్టు దగ్గరకి వెళ్లి వేలితో లెక్కపెట్టుకుంటూ, "నూట పన్నెండు" అని రెండుసార్లు అన్నారు. ఇంత విస్తృతమైన నేరచరిత్రని ఊహించలేదన్నారు.

తర్వాత ఆయనకి హాజరు యంత్రం గుర్తొచ్చింది. తెరిపించి చూశారు. దాని లెక్కలో దానమ్మ పద్నాలుగు నెలలుగా ఒక్కరోజు కూడా బడికి రాలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది. విధులకి హాజరు కాని మనిషి గుర్తులు నూట పన్నెండు చోట్ల ఉన్నాయంటే, పద్నాలుగు నెలలుగా ఈమె అనధికారికంగా ఆవరణలోకి చొరబడుతోందన్నమాట. ఒక సర్కారు యంత్రం ఆవిడ రాలేదని చెప్పింది, ఇంకో సర్కారు పొడి ఆవిడ అంతటా ఉందని చెప్పింది. రెండూ నిజమే కావాలి కాబట్టి దానమ్మ దొంగే అయ్యుండాలి. ఉరుము ఉరిమి మంగలం మీద పడటమంటే ఇదే.

అప్పుడు పానకాలరావుగారు నోరు తెరవాలి. నెలనెలా నేనే కాగితం రాస్తున్నానని, గ్లోబు దాచింది నేనేనని చెప్పాలి. చెబితే యంత్రాన్ని కాదన్నందుకు ఒక మెమో, గ్లోబుకి ఇంకో మెమో. ఆయన బల్ల మీది పేపర్‌వెయిట్ వైపు చూస్తూ ఉండిపోయారు. ఆయన చెప్పకపోతే నేను చెప్పాలి. నా సుద్దముక్కల ఫైలు గరుడాచలంగారి బల్ల మీదే ఉందని నాకు తెలుసు. నాకు సిగ్గేసింది, కాకపోతే సిగ్గుతో నోరు ఇంకా గట్టిగా మూసుకుపోయింది.

చెప్పుకునేది ఏమన్నా ఉందా అని దానమ్మని అడిగారు. ఆవిడ గుమ్మంలోంచే అంది, "తాకకుండా ఎట్టా తుడుత్తారో చెబితే అట్టాగే తుడిచేదాన్ని గదయ్యా."

తాకినట్టు ఒప్పుకుంది, రాసుకోండి అన్నారు గరుడాచలంగారు.

తొలగింపు ఉత్తర్వు భాష బాగుండాలని నన్నే రాయమన్నారు. 'సదరు దానమ్మ అను వ్యక్తి' అని మొదలుపెట్టి పదహారు వాక్యాలు రాశాను. ఒక్క అక్షర దోషం లేదు. పానకాలరావుగారు సంతకం పెట్టారు, గరుడాచలంగారు ధ్రువీకరించారు. నేను చేత్తో రాసిన ప్రతుల్లో ఒకటి దానమ్మకి ఇచ్చాం. ఆవిడకి చదువు రాదు. కాగితాన్ని మడత పెట్టకుండా రెండు చేతులతో పట్టుకుని వెళ్లింది.

నెల తిరిగేసరికి మా బడికి రాష్ట్రస్థాయి బహుమతి ప్రకటించారు. ఇత్తడి భూతద్దం ఒకటి, ప్రశంసాపత్రం ఒకటి. ఈలోగా గదుల్లో దుమ్ము పేరుకుంది. మరుగుదొడ్లు నాలుగు రోజులు చూసి తాళం వేశాం. దాంతో ఆడపిల్లలు మధ్యాహ్నం ఇళ్లకి వెళ్లి తిరిగి రావడం మానేశారు. పదో తరగతిలో ఇద్దరు పూర్తిగా మానేశారు. ఆడపిల్లల హాజరు ఎందుకు తగ్గిందో తెలపమని మెమో వచ్చింది. అధిక వర్షాల కారణంగా అని రాద్దామన్నారు పానకాలరావుగారు. అది జనవరి నెల.

రిజ్వానా మాత్రం రోజూ రెండు పూటలా వస్తూనే ఉంది. ఒకరోజు ఖాళీ పీరియడ్‌లో నా బల్ల దగ్గరకి నల్లపెట్టె పట్టుకుని వచ్చింది. ఈ నెల కేసు దొరికింది సార్ అంది. ఏం పోయిందమ్మా అని అడిగాను. దానమ్మగారి ఉద్యోగం అంది.

ఉత్తర్వు చదివిపెట్టమని దానమ్మ ఆ కాగితాన్ని వీధి చివర ఉన్న రిజ్వానా వాళ్లింటికే తీసుకెళ్లిందట. చదివి వినిపించాక ఆవిడేం అందని అడిగాను. కాగితాన్ని రిజ్వానా దగ్గరే ఉంచమందట. ఇప్పుడు అద్దంకి రోడ్డు మీద హోటల్లో గిన్నెలు తోముతోందట. బడి కుళాయి కారుతోందా, ఎవరన్నా కట్టారా అని మాత్రం అడిగిందట. రిజ్వానా కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచి, దాని మీద నల్లపొడి చల్లింది. తన ముద్రలూ, దానమ్మ నున్నటి మచ్చలూ పక్కన పెడితే ఇంకా మూడు రకాలు మిగిలాయి. ఒకటి ప్రధానోపాధ్యాయులది. ఆయన ముద్ర గ్లోబు కేసప్పుడు తీసిందే ఉంది. ఇంకొకటి గరుడాచలంగారిది. చార్టు మీద నూట పన్నెండు లెక్కపెట్టినప్పుడు ఆయన వేళ్లన్నీ దాని మీద పడ్డాయి. మూడోది సంతకాలున్న చోట కాదు, కాగితమంతా ఉంది, ప్రతి పంక్తి పక్కనా ఉంది.

"సుద్దముక్కల కేసులో మీ ముద్రలు బల్ల మీద నుంచి తీసినయ్యే సార్, అవి అలికేసినట్టున్నయ్యి" అంది. "పోల్చటానికి సరిగ్గా ఆనట్లేదు. గ్లోబు కేసప్పుడు మీరు ఇవ్వలేదు. ఇప్పుడు ఇత్తారా?"

ఇవ్వకపోవచ్చు. సర్వీసు రిజిస్టరు ఉన్నవాళ్లు నిందితులు కాకూడదని తీర్మానం మీద నేనే సంతకం పెట్టాను. నా పాత ఫైలు ఇంకా మూయలేదు. నాకు ఇంకా ఆరేళ్ల సర్వీసు మిగిలి ఉంది, చదువుకునే పిల్లలున్నారు. ఇవన్నీ ఆ పిల్లకి చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల నన్నేమీ తిట్టలేదు, ఏడవలేదు, ఎందుకు చేశారని కూడా అడగలేదు. ప్యాడు మూత తీసి, తెల్లకాగితం బల్ల మీద పరిచి, ఊరికే నిలబడింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు ఎంతో నాకు తెలుసు, ఆ కాగితానికీ తెలుసు.

పేర్లు రాసేటప్పుడు నాది మొదట రాయమ్మా అని చెయ్యి చాపాను.

రిజ్వానా నా బొటనవేలు పట్టుకుని ప్యాడు మీద అద్ది, నేను నేర్పినట్టే ఎడమ నుంచి కుడికి ఒక్కసారే దొర్లించింది. తర్వాత మిగతా వేళ్లు, ఒక్కొక్కటిగా. కాగితాన్ని కిటికీ దగ్గరకి తీసుకెళ్లి, వెలుతురులో భూతద్దం పెట్టి చూసింది.

"మీ వేళ్లు భలే ఉన్నయ్యి సార్" అంది. "ఒక్క గీత కూడా అరగలేదు."

ఆ పిల్ల ఆ మాట మెచ్చుకోలుగానే అంది.